మామిడి పూత ఎందుకు వేళ తప్పుతోంది? మీ చుట్టుపక్కల ఏ చెట్టు, ఏ జీవి మారిందో చెప్పండి

రసాలతోట (విజయవాడ)
ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మా నాన్నగారికి నాలుగెకరాల మామిడి తోట ఉంది. చిన్న రసాలు, బంగినపల్లి. నిన్న వెళ్లొచ్చాను. ఒకే చెట్టు మీద మూడు రకాలు చూశాను. తూర్పు కొమ్మలకు గోలీకాయంత పిందె. నడిమి కొమ్మలకు అప్పుడే విచ్చిన పూత. పడమటి వైపు అసలు పూతే లేదు, రాగి రంగులో లేత చిగురు. నాన్నగారు ఆ కొమ్మ వంచి చూపించి, "ఈ చెట్టుకి మందు ఎప్పుడు కొట్టాలో నువ్వే చెప్పవే" అన్నారు. పిందె కోసం కొడితే విచ్చిన పూత మీద పడుతుంది. పూత అయ్యేదాకా ఆగితే తేనెమంచు పురుగు ఆగదు.

నా చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకు వెళ్తే తోటంతా ఒక్కసారే పూసి ఉండేది. గేటు దగ్గరికి రాగానే వాసన తగిలేది. ఇప్పుడు చిగురు ఒక వైపు, పిందె ఒక వైపు.

వాతావరణ మార్పు అనగానే మంచు కరగడం, ధ్రువపు ఎలుగుబంటి చూపిస్తారు. నాకు మన దగ్గరి సంగతి కావాలి. కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల వైపు ఏ చెట్టుకి, ఏ జీవికి ఏం జరుగుతోంది? ఒక్కో జీవి పేరు పట్టుకుని చెప్తే బాగుంటుంది.

పటమట_92
ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అక్కా, తప్పుగా అనుకోవద్దు. మామిడికి ఒక ఏడాది విరగకాయడం, ఒక ఏడాది నాగా పడటం మా తాతల కాలం నుంచీ ఉంది. ఎండలు కూడా కొత్త కాదు. రెంటచింతల ఎండ గురించి మా తాతయ్య కూడా చెప్పేవాడు. ప్రతిదానికీ వాతావరణ మార్పు అనేస్తే అసలు కారణం దాగిపోతుందేమో.

జువాలజీ మాస్టారు (గుంటూరు)
ఫిబ్రవరి 10, ఉదయం 6:30

పటమట తమ్ముడి హెచ్చరిక మంచిదే, దాన్ని పక్కన పెట్టుకునే మాట్లాడదాం. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

మామిడి సంగతి ముందు. పూత రావాలంటే కొమ్మ ముదిరి ఉండాలి, చలి తగలాలి. రాత్రులు 20 డిగ్రీల లోపు, ఇంకా తక్కువైతే ఇంకా మేలు, కొన్ని వారాలు నిలకడగా ఉండాలి. అప్పుడు మొగ్గ పూతగా మారుతుంది. ఆ సమయంలో రాత్రులు వెచ్చగా ఉన్నా, నవంబరు డిసెంబరుల్లో వాన పడినా అదే మొగ్గ పూత మానేసి చిగురు వేస్తుంది. అమ్మాయి చూసిన పడమటి కొమ్మ కథ బహుశా అదే. చలి నాలుగు రోజులు ఉండి, నాలుగు రోజులు పోయి, మళ్లీ వస్తే చెట్టు విడతలు విడతలుగా పూస్తుంది. ఫిబ్రవరి చివరికే ఎండ ముదిరితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది, పొడి గాలికి పిందె రాలుతుంది.

నాగా పడటం చెట్టు స్వభావం, ఒప్పుకుంటాను. కానీ ఏడాది కాపు తక్కువ రావడం వేరు, ఒకే చెట్టు మూడు వేళల్లో పూయడం వేరు.

ఎండ మాటకొస్తే, తమ్ముడూ, పగటి ఎండ ఒక్కటే చూడకు, రాత్రి కనిష్ఠం చూడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తమ పొలంలో 1979 నుంచి 2003 దాకా లెక్కలు చూసి 2004లో ప్రచురించింది. ఎండకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం దాకా తగ్గింది. రాత్రి వేడికి మొక్క శ్వాస పెరిగి, పగలు దాచుకున్నది ఖర్చయిపోతుంది. ఇక వరి పువ్వు విచ్చుకునేది ఏ గంటో రెండు గంటలో. ఆ కాసేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే గింజ కట్టదు, తాలు పోతుంది. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, మనం రోజూ తినే అన్నం. దాళ్వా, అంటే రెండో పంట వరి, వేసేవాళ్లు పూత మార్చి ఎండల్లో పడకుండా నాట్లు ముందుకు జరుపుకోవడం అందుకే.

మిరపకళ్లం (ప్రత్తిపాడు)
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20

మాస్టారూ నమస్తే. మిరప సంగతి నేను చెప్తాను, అది నా పొట్ట మీద పడ్డది.

2021లో తోట పచ్చగా ఉంది, పూత బాగా వచ్చింది. అక్టోబరు నవంబరుల్లో వానలు ఆగకుండా పడ్డాయి. ఆ తర్వాత ఒక రోజు పొద్దున పువ్వు తెరిచి చూస్తే లోపల నల్లగా, నువ్వు గింజలో సగం కూడా లేని పురుగులు. ఒక్కో పువ్వులో పది, ఇరవై. గోటితో తడితే అరచేతిలో పరిగెత్తాయి. మాకు ఆకు ముడుచుకుపోయే పైముడత, కిందిముడత తెలుసు, బొబ్బర అనే వైరస్ తెగులు తెలుసు. ఇది తెలియదు. అంతకుముందు తామర పురుగు ఆకు మీద ఉండేది, ఇది పువ్వులోకి దూరింది. వారంలో పూతంతా రాలిపోయింది. వారానికి రెండుసార్లు మందు కొట్టాం. పక్క పొలం అతను జనవరిలో చెట్లు పీకి మొక్కజొన్న పెట్టాడు. నేను పీకలేక ఉంచుకుని అప్పు పెంచుకున్నాను.

ఇది వాతావరణ మార్పేనని నా నమ్మకం. ముందు అంత వాన, వెనకనే అంత పొడి, మా నాన్న చూడలేదు.

జువాలజీ మాస్టారు (గుంటూరు)
ఫిబ్రవరి 10, సాయంత్రం 5:05

చదివి మనసు బరువెక్కింది నాయనా. అయినా ఒక్క మాట సరిచేయాలి, లేకపోతే మందు తప్పు చోట పడుతుంది.

ఆ నల్ల తామర పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా వైపుది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. అంటే అది మన వాతావరణం మారి పుట్టింది కాదు, బయటి నుంచి దిగింది. తినడానికి ఎకరాల కొద్దీ ఒకే పంట దొరికింది. మనం కొట్టిన మందులకు దాన్ని తినే నల్లులు, అల్లిక రెక్కల పురుగులు ముందు చచ్చాయి.

వాతావరణం పాత్ర లేదా అంటే ఉంది, అది రెండో మెట్టు మీద. పురుగుకు ఒంటి వేడి బయటి నుంచే వస్తుంది. వెచ్చగా ఉంటే తొందరగా పెరుగుతుంది, తొందరగా గుడ్లు పెడుతుంది, ఎక్కువ తింటుంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం భూమి ఒక డిగ్రీ వేడెక్కితే వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగుల వల్ల పోయే పంట 10 నుంచి 25 శాతం పెరుగుతుంది.

మిరపకళ్లం (ప్రత్తిపాడు)
ఫిబ్రవరి 10, సాయంత్రం 6:40

అర్థమైంది మాస్టారూ. ఈ ఏడు పురుగులు అంటుకునే నీలం జిగురు అట్టలు కట్టాను, చుట్టూ మూడు వరసలు జొన్న వేశాను. మందు తగ్గించాను. పువ్వులో పురుగు ఉంది గానీ అప్పట్లా లేదు.

భవానీపురం
ఫిబ్రవరి 11, ఉదయం 8:10

మా వీధి చివర వేపచెట్టు గురించి అడగాలి. 2021 చివర్లో కొమ్మల చివర్ల నుంచి మాడుకుంటూ వచ్చి చెట్టంతా నిప్పు తగిలినట్టు గోధుమ రంగైపోయింది. ఒక్క మా చెట్టే కాదు, హైదరాబాదు దాకా దారి పొడవునా అంతే. వేపకే రోగం వస్తే ఇంక మనకి దిక్కేంటని మా అత్తయ్యకు ఒకటే టెన్షన్. మరుసటి ఏడు ఉగాది పచ్చడికి పువ్వు దొరుకుతుందో లేదోనని భయపడ్డాం. చెట్టు మళ్లీ చిగిర్చింది, కానీ పై కొమ్మలు రెండు మోడుగానే ఉన్నాయి. అది వేడి వల్లేనా?

జువాలజీ మాస్టారు (గుంటూరు)
ఫిబ్రవరి 11, ఉదయం 9:00

అది ఎండు తెగులమ్మా. ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. వానలు ఎక్కువ పడి గాలిలో తేమ నిలిచినప్పుడు విజృంభిస్తుంది, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైంది. చాలా చెట్లు తేరుకుంటాయి, నరకనివ్వకండి. ఎండిన కొమ్మలు మాత్రం తీయించండి.

సూర్యలంక అల (బాపట్ల)
ఫిబ్రవరి 11, రాత్రి 11:50

తాబేళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాలుగేళ్లుగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు తీరం వెంట నడుస్తున్నాను, ఆలివ్ రిడ్లే గూళ్లు వెతికి గుడ్లు సంరక్షణ కేంద్రానికి చేర్చేవాళ్లతో.

తల్లి తాబేలు ఒడ్డుకొచ్చాక టార్చి వేయకూడదు. చీకట్లో కూర్చుని వినాలి. వెనక కాళ్లతో కుండ ఆకారంలో గుంత తవ్వుతుంది, ఒక కాలితో ఇసుక ఎత్తి పక్కన పోసి, రెండో కాలితో. గుడ్లు నూరు, నూట ఇరవై. పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దట్టిస్తుంది. దబ్ దబ్ దబ్ అని ఆ చప్పుడు పది అడుగుల దూరానికి వినిపిస్తుంది. తర్వాత తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి. ఆ గుడ్డులో ఉన్నది ఆడదో మగదో తల్లి నిర్ణయించదు, ఇసుక నిర్ణయిస్తుంది. 45 నుంచి 60 రోజులు ఇసుకలో ఉంటాయి. ఆ మధ్య రోజుల్లో ఇసుక వేడి 29 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఆడా మగా కలిసి పుడతాయి. చల్లగా ఉంటే మగవి ఎక్కువ. 31, 32 దాటితే దాదాపు అన్నీ ఆడవే. 34, 35లో నిలిచిపోతే పిండమే చనిపోతుంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరాన పచ్చ తాబేళ్లను పరీక్షిస్తే పిల్ల తాబేళ్లలో 99 శాతం ఆడవని 2018లో తేలింది.

అందుకే మేము గుడ్లు పాతిన చోట పైన నీడ వల కడతాం. మార్చి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం ఇసుక మీద చెప్పు లేకుండా నాలుగడుగులు వేయలేం. నీడ కింద చేయి పెడితే తేడా తెలిసిపోతుంది.

పటమట_92
ఫిబ్రవరి 12, ఉదయం 7:25

అన్నా, ఇది నిజంగా తెలియదు. మరి ఒడ్డుకు చచ్చి కొట్టుకొచ్చే తాబేళ్లు? అవి కూడా వేడికేనా?

సూర్యలంక అల (బాపట్ల)
ఫిబ్రవరి 12, ఉదయం 8:00

కాదు తమ్ముడూ. అవి ఎక్కువగా ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి కదా. మన రాష్ట్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోయాక. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. అలాంటి తల్లి ఒక్కటి పోతే ఎన్ని నీడ వలలు కట్టినా సరికాదు. నాకు ఈ రెండో బాధే పెద్దది.

నిజాంపట్నం రేవు
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:30

మా పెద్దోళ్లని తప్పుబట్టకు బాబాయ్, తాబేలు వలలో పడితే కళ్లకద్దుకుని వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెద్ద బోట్ల సంగతి నువ్వు చెప్పిందే.

చేపల గురించి ఒకటి చెప్తాను. నూనె కవ్వళ్లు ఒకప్పుడు కేరళ, కర్ణాటక వైపు చేప. మా తాత వలలో అది పెద్దగా పడేది కాదంట. తర్వాత తూర్పు తీరానికీ వచ్చింది, ఇప్పుడు మన రేవుల్లో బుట్టలకు బుట్టలు దిగుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ అది ఉత్తరానికి విస్తరించిందని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్లు రాశారు. కానాగడతలు పైనీళ్లు వదిలి లోతుకు దిగుతున్నాయని కూడా. చేపకి కాళ్లు లేకపోయినా దారి ఉంది, నీళ్లున్న చోటికల్లా పోతుంది.

కొల్లేటి కొంగ (కైకలూరు, ఇప్పుడు గుంటూరు)
ఫిబ్రవరి 13, రాత్రి 8:20

నిజాంపట్నం అన్న రాసిన ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. దారి లేనివాటి గురించి రాస్తాను.

గూడబాతులతో, అంటే పెలికాన్లతో, మొదలుపెడతాను. వీటి విషయంలో నేను పటమట వైపే. 1946లో తాడేపల్లిగూడెం ప్రాంతంలో ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు లోకానికి చూపించారు. తర్వాతి దశాబ్దాల్లో అది ఖాళీ అయిపోయింది. కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు. కొల్లేటి పక్షి గూడు పోగొట్టుకున్నది చెరువుల వల్ల, చెట్లు నరకడం వల్ల, మురికి వల్ల. దాన్ని ఎండ మీదకి నెట్టేస్తే తప్పు చేసినవాళ్లం తప్పించుకున్నట్టే.

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చూడండి. ఊరి మధ్య చెరువు, అందులో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు. ఊరివాళ్లు చెరువును పక్షులకే వదిలేశారు. నేను ఆదివారాలు వెళ్తాను. గూడబాతు పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంది, మెడ దాకా కనపడదు. ఎండ బాగా ఉన్నప్పుడు పెద్ద పక్షి రెక్కలు సగం విప్పి పిల్లల మీద గొడుగులా నిలబడి, గొంతు సంచిని వణికిస్తూ ఒగరుస్తుంది. అది చల్లబడే పద్ధతి. చెరువులో నీళ్లుంటే ఇంత కష్టపడనక్కర్లేదు. కాలువ నీళ్లు ఆలస్యమైన ఏడాది చెట్ల మొదళ్లు బయటపడతాయి, కుక్కలు చెట్టు దాకా నడిచి పోతాయి. వానలు వేళ తప్పడం ఈ పక్షికి ఆ రూపంలో తగులుతుంది.

ఇక దారి లేనివి. నాగాయలంక, హంసలదీవి వైపు కృష్ణా మడ అడవులు. అందులో బావురు పిల్లి ఉంది, నీళ్లలోకి దూకి చేప పట్టే పిల్లి. సముద్ర మట్టం పెరిగితే మడ అడవి మామూలుగా చచ్చిపోదు, ఒండ్రు పట్టుకుని తన నేల తాను ఎత్తు చేసుకుంటుంది, లేదా మెల్లగా లోపలికి జరుగుతుంది. మన దగ్గర రెండు దారులూ మూశాం. ఒండ్రు శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనక ఆగిపోయింది. లోపలికి జరుగుదామంటే అక్కడ రొయ్యల చెరువుల గట్లు. ముందు సముద్రం, వెనక గట్టు, మధ్యలో పిల్లి.

జువాలజీ మాస్టారు (గుంటూరు)
ఫిబ్రవరి 14, ఉదయం 6:15

ఆ మధ్యలో చిక్కుకోవడం ఒక జీవికి నిజంగానే ముగిసిపోయింది. ఆస్ట్రేలియా, పపువా న్యూగినీ మధ్య టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అని చిన్న ఇసుక దిబ్బ. దాని మీద మాత్రమే బతికే ఒక ఎలుక, బ్రాంబుల్ కే మెలోమిస్. ఉప్పునీళ్లు మళ్లీ మళ్లీ ముంచి దాని తిండి మొక్కలు పోయాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో అది అంతరించిందని ప్రకటించింది. మనుషుల వల్ల మారిన వాతావరణానికి బలైన మొదటి క్షీరదంగా దాన్నే చెప్తున్నారు.

వేళ తప్పడానికి కూడా ఒక ఉదాహరణ. పైడ్ ఫ్లైక్యాచర్ అని పిడికెడంత పిట్ట, చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో ఉండి వసంతానికి నెదర్లాండ్స్ వచ్చి గూడు పెడుతుంది. పిల్లలకు గొంగళి పురుగులు కావాలి. అక్కడ వసంతం ముందే వచ్చి గొంగళ్లు ముందే పుట్టి ముందే అయిపోతున్నాయి. ఆఫ్రికాలో ఉన్న పిట్టకు ఆ కబురు అందదు. గొంగళ్లు బాగా ముందుకు జరిగిన అడవుల్లో ఆ పిట్టలు 90 శాతం దాకా తగ్గాయని 2006లో రాశారు. మన మామిడికీ ఇలాంటి జత ఒకటుంది. మామిడి పూతను కలిపేవి తేనెటీగలు ఒక్కటే అనుకుంటాం, ఎక్కువ పని చేసేవి ఈగలు. అమ్మాయీ, ఈసారి వెళ్లినప్పుడు ఆలస్యంగా విచ్చిన పూత మీద ఈగలు వాలుతున్నాయో లేదో కాసేపు నిలబడి చూడు.

మిరపకళ్లం (ప్రత్తిపాడు)
ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:45

మా ఊరి రావిచెట్టు మీద పెద్ద గబ్బిలాలు ఉంటాయి. పోయిన మే నెలలో మధ్యాహ్నం రెక్కలు విసురుకుంటూ ఒకదాని మీద ఒకటి పడుతూ మొదట్లోకి దిగొచ్చాయి. రెండు కింద పడిపోయాయి. మా అబ్బాయి కుండతో నీళ్లు చల్లాడు. ఎందుకట్లా?

జువాలజీ మాస్టారు (గుంటూరు)
ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 3:10

వేడి తట్టుకోలేక. వాటికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రెక్కలతో విసురుకుంటాయి, ఒంటికి ఉమ్మి రాసుకుంటాయి, ఒగరుస్తాయి, చివరికి నీడ కోసం కిందికి దిగుతాయి. ఆస్ట్రేలియాలో అక్కడి జాతులకు 42 డిగ్రీలు దాటితే ప్రాణం మీదకొస్తుందని చూశారు. 2018 నవంబరులో క్వీన్స్‌లాండ్‌లో రెండు రోజుల్లో ఇరవై మూడు వేల గబ్బిలాలు రాలిపోయాయి. మీ వాడికి చెప్పు, కింద పడ్డదాన్ని చేత్తో పట్టుకోకూడదు, దూరం నుంచి చెట్టు మీదికి నీళ్లు చల్లింది మాత్రం మంచి పని.

రసాలతోట (విజయవాడ)
ఫిబ్రవరి 23, రాత్రి 10:05

మాస్టారూ, నిన్న తోటకి వెళ్లాను. మీరు చెప్పినట్టు నడిమి కొమ్మ కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఉదయం తొమ్మిదిన్నర దాకా ఈగలు బాగానే వాలాయి, పచ్చగా మెరిసేవి, చిన్న నల్లవి. పదకొండు దాటాక ఎండకి ఒక్కటీ లేదు. పూత చివర్లు అప్పుడే ఎండు ముఖం పట్టాయి.

నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. ఆయన లోపలికెళ్లి మూడు రంగుల దారాలు తెచ్చారు. పిందె కొమ్మకు ఎరుపు, పూత కొమ్మకు పసుపు, చిగురు కొమ్మకు ఆకుపచ్చ కట్టించారు. ఏ కొమ్మ ఎన్ని కాయలు దించుతుందో కోతలప్పుడు లెక్క రాస్తామన్నారు. తోటంతా ఒకేసారి మందు కొట్టడం ఈసారి ఆపేశారు, ఎర్ర దారం కొమ్మలకే కొట్టించారు. వచ్చే వర్షాకాలం చివర్లో నీళ్లు ఎప్పుడు ఆపాలో, చిగురు రాకుండా ఏం చేయాలో నూజివీడు వెళ్లి ఉద్యానశాఖ వాళ్లని అడుగుతారట.

పటమట_92
ఫిబ్రవరి 24, ఉదయం 7:40

అక్కా, కోతలప్పుడు లెక్క రాయడానికి నేనూ వస్తాను. మొదటి రోజు రాసినదాంట్లో నాగా మాట వెనక్కి తీసుకోను, కానీ వేళ మాట ఒప్పుకున్నాను.

సూర్యలంక అల (బాపట్ల)
మార్చి 17, ఉదయం 6:20

ఈ తెల్లవారుజామున మా మొదటి గూడు విచ్చింది. జనవరి చివర్లో పెట్టిన గుడ్లు. నాలుగింటికి ఇసుక నడుమ చిన్న గుంట పడింది, కాసేపటికి ఒక ముక్కు, తర్వాత ఒకేసారి ఉడికే అన్నంలా పైకి పొంగి వచ్చాయి. తొంభైకి పైగా లెక్కపెట్టాం. బుట్టలో తీసుకెళ్లి నీళ్లకు పది గజాల ఇవతల వదిలాం, ఆ పది గజాలూ వాటంతట అవే నడవాలి. అన్నీ అలల్లోకి వెళ్లిపోయాయి. అందులో మగవి ఎన్నని అడక్కండి, పిల్లని పైపైన చూసి చెప్పే వీలు లేదు. నీడ వల ఫిబ్రవరి మొదటి వారంలోనే కట్టాం. ఇంకా పదకొండు గూళ్లు ఉన్నాయి, పైన ఎండ పెరుగుతోంది. రెండో పొర వల కట్టడానికి ఆదివారం మనుషులు కావాలి, ఎవరైనా వస్తారా?